బోనులో నిలబడి ఒక సినిమా సిఫారసు

మా కోసిగి మీదుగా బొంబాయి రైళ్లు పోతాయి. గుంతకల్లు నుంచి వచ్చే లైను ఆదోని, కోసిగి, మంత్రాలయం రోడ్డు, రాయచూరు దాటి వాడి మీదుగా బొంబాయి దారి పడుతుంది. వానల్లేని ఏడు మా మండలంలో ఊళ్లకు ఊళ్లు సుగ్గికి కదులుతాయి. ఇండ్లకు తాళాలు పడతాయి. కొందరు గుంటూరు మిరపచేలకు, కొందరు బెంగళూరు కట్టడం పనులకు, కొందరు ఇదే రైలెక్కి బొంబాయికి. మూట కట్టేటప్పుడు ఎవరు బోయ, ఎవరు మాదిగ, ఎవరు దూదేకుల, ఎవరు షేక్ అని ఆకలి అడగదు.

అడిగింది ఒక దోస్తు.

స్టేషన్ బయట టీ అంగడి కాడ మేమంతా రోజూ కూచునేవాళ్లమే. ఒకరోజు అతను మమ్మల్ని అడిగాడు: "ఈ ఫ్యాక్షన్ సినిమాలు చూసి చూసి మొగం మొత్తిందప్పా. రాజకీయం, నేరం రెండూ ఉండి, నిజంగా జరిగిందాన్ని తీసిన గట్టి హిందీ సినిమా ఏదన్నా ఉంటే చెప్పు సాయిబూ." మేము వెనకాముందు చూసుకోకుండా 'బ్లాక్ ఫ్రైడే' చూడమన్నాం. అనురాగ్ కశ్యప్ తీసిన సినిమా. హుసేన్ జైదీ 2002లో అచ్చేసిన పుస్తకం దానికి ఆధారం. 1993 మార్చి 12న బొంబాయిలో వరసగా పేలిన బాంబుల కథ. హీరో లేడు, హీరోయిన్ లేదు. చూసినవాళ్లకు సుఖంగా నిద్రపట్టదు.

మూడు రోజులకు దోస్తు వచ్చాడు. "సినిమా శానా బాగుంది. ఒకటి అడుగుతా, ఏమనుకోవద్దు. మీవాళ్లు అట్ల ఎందుకు చేసినారు?"

ఆరోజు మాకు నోరు పెగల్లేదు. నవ్వి ఊరుకున్నాం. మా తాతలు నవ్వి ఊరుకున్నారు, మా నాయినలు నవ్వి ఊరుకున్నారు, మేమూ అదే చేశాం. కానీ ఇంటికి పోయినాక ఆ మాట కడుపులో తిరిగింది. అందుకే ఇది రాస్తున్నాం. ఆ ఒక్క దోస్తుకే కాదు, మమ్మల్ని ప్రేమిస్తూనే ఆ మాట అడిగే అందరు దోస్తులకూ.

'మీవాళ్లు' అంటే ఎవరు? కోసిగిలో పుట్టి, బండలు కొట్టి, మిరపకాయలు కోసి బతికే మాకు టైగర్ మెమన్ ఎట్ల 'మావాడు' అయినాడు? మేము అతని ముఖం సినిమాలోనే చూశాం. అది కూడా పవన్ మల్హోత్రా ముఖం. మీరూ అక్కడే చూశారు. అయినా సినిమా అయిపోగానే మీరు ప్రేక్షకులుగా బయటికి వచ్చారు, మేము ముద్దాయిలుగా బయటికి వచ్చాం. ఒకే ఫోన్లో, ఒకే సినిమా చూసినా ఇట్ల ఎందుకు అవుతుంది? మేము అడుగుతున్నది ఇదే.

ఇంకో సినిమా సంగతి ఎత్తుతాం. 2010లో రాంగోపాల్ వర్మ 'రక్త చరిత్ర' తీశాడు. తెలుగులోనూ తీశాడు, హిందీలోనూ తీశాడు. అనంతపురం ఫ్యాక్షన్ కథ. పరిటాల రవి జీవితం ఆధారమని అందరికీ తెలిసిందే. అంతకు ముందే 1999లో 'సమరసింహారెడ్డి' వచ్చింది, 2001లో 'నరసింహనాయుడు' వచ్చింది, 2002లో 'ఆది', 'ఇంద్ర' వచ్చాయి. టాటా సుమోలు గాల్లోకి లేస్తుంటే, నాటుబాంబులు పేలుతుంటే, వేటకొడవళ్లు తిరుగుతుంటే ఆంధ్రదేశమంతా ఈలలు వేసింది. ఆ ఈలల్లో మన సీమ బిడ్డల బతుకు మునిగిపోయింది. హైదరాబాదులో రూము అద్దెకు అడగబోతే "మీది కర్నూలా, కడపా? బాంబులేసుకునే జనం కదా" అని నవ్వేవాళ్లు తగలని సీమ పిల్లగాడు ఉన్నాడా?

అప్పుడు మీకు ఒళ్లు మండింది. మాకూ మండింది. మనం కలిసే అన్నాం: ఫ్యాక్షన్ చేసేది పిడికెడు మంది దొరలు. మిగతా సీమంతా కరువుతో కొట్లాడే రైతులు, కూలీలు. కాంట్రాక్టుల కోసం, పంచాయతీ కుర్చీల కోసం, ఎమ్మెల్యే సీట్ల కోసం పెద్దలు కక్షలు పెంచితే పేదోళ్ల తలలు తెగినాయి. కారణం చూడకుండా కత్తిని మాత్రమే చూపించడం సీమకు చేసిన ద్రోహం. ఈ మాటలన్నీ మనం ఒక్క గొంతుతోనే అన్నాం. సభల్లో అన్నాం, కరపత్రాల్లో రాశాం.

మరి అదే తెలివి 'బ్లాక్ ఫ్రైడే' చూసేటప్పుడు ఏమైంది? నాటుబాంబు సీమ దొర చేతిలో ఉంటే అది పౌరుషం, ఆయన హీరో, ఆయన కులాన్ని ఎవరూ బోనెక్కించరు. బాంబు సాయిబు చేతిలో ఉంటే అది మతం, ఊరూరా ఉన్న సాయిబులంతా సంజాయిషీ చెప్పుకోవాలి. ఫ్యాక్షన్ కథలో మీరు కరువును చూశారు, పెత్తనాన్ని చూశారు, రాజకీయాన్ని చూశారు. మా కథకు వచ్చేసరికి మీకు టోపీ ఒక్కటే కనిపించింది. సీమ ముస్లిం రెండు మచ్చలు మోస్తున్నాడు దోస్తులారా. ఊరు దాటితే సీమోడు, ఊళ్లో ఉంటే తురకోడు. మొదటి మచ్చ మీతో పంచుకున్నాం. రెండోది మా ఒక్కరి మీదే వదిలేశారు.

సరే, సినిమాలోకే పోదాం. మళ్లీ చూడండి. అది ఎక్కడ మొదలవుతుందో చూడండి. పేలుళ్లకు మూడు రోజుల ముందు, అల్లర్ల కేసులో పట్టుకొచ్చిన ఒకడు బాంబుల సంగతి పోలీసులకు చెప్తాడు. వాళ్లు పట్టించుకోరు. తర్వాత బాంబులు పేలుతాయి, వేట మొదలవుతుంది, లాకప్పులు నిండుతాయి. దొరకని ముద్దాయిల కోసం వాళ్ల ఇండ్ల ఆడవాళ్లను స్టేషన్లకు లాక్కొస్తారు. 1992 డిసెంబరు 6, ఆ తర్వాతి బొంబాయి ఎప్పుడు వస్తాయి? దాదాపు చివరికి. మనలో చాలామంది అప్పటికే మనసులో తీర్పు రాసేసి ఉంటాం. అందుకే మా సిఫారసుకు ఒక షరతు పెడుతున్నాం. ఆ చివరి భాగం ముందు చూడండి. బాబ్రీ మసీదు గుమ్మటాలు కూలడం ముందు చూడండి. డిసెంబరులో, జనవరిలో బొంబాయి కాలడం ముందు చూడండి. ఆ తర్వాత మార్చి 12 చూడండి. జరిగిన వరస అదే కదా!

ఇట్ల అంటే పేలుళ్లను సమర్థిస్తున్నారా అని ఎగబడేవాళ్లు ఉంటారు. వినండి. మార్చి 12న 257 మంది చచ్చిపోయారు. స్టాక్ ఎక్స్ఛేంజి కాడ, పెట్రోలు బంకు కాడ, బజార్లలో నడిచిపోయే మనుషులు వాళ్లు. ఏ పాపమూ ఎరగనివాళ్లు. వాళ్లను చంపినవాళ్లు హంతకులు. ఇందులో మాకు నసుగుడు లేదు. కానీ జస్టిస్ శ్రీకృష్ణ కమిషన్ ఏం లెక్క చెప్పిందో కూడా వినండి. 1992 డిసెంబరు, 1993 జనవరి అల్లర్లలో 900 మంది చనిపోయారు. అందులో 575 మంది ముస్లింలు, 275 మంది హిందువులు. వాళ్లూ నడిచిపోయే మనుషులే. పేలుళ్లు ఆ రెండు నెలల మారణకాండకు ప్రతిక్రియ అని కూడా కమిషనే చెప్పింది. చెప్పినాయన హైకోర్టు జడ్జి, మా కౌమ్ వాడు కాదు. 1998లో ఆ నివేదికను అప్పటి మహారాష్ట్ర ప్రభుత్వం పక్కన పడేసింది.

తర్వాత ఏం జరిగింది? పేలుళ్ల కేసులో టాడా కోర్టు 2006, 2007ల్లో 100 మందికి శిక్షలు వేసింది. 2015 జూలై 30న యాకూబ్ మెమన్‌ను నాగపూర్ జైల్లో ఉరి తీశారు. 900 మంది చచ్చిన అల్లర్ల కేసుల్లో? 2008లో ఒక మాజీ ఎంపీకి ఏడాది జైలు పడింది, వెంటనే బెయిలూ దొరికింది. ఇంత పెద్ద మారణకాండలో శిక్ష పడిన పెద్దమనిషి అంటే చెప్పుకోవడానికి ఆ ఒక్క పేరే. మసీదు కూల్చడం చట్ట ఉల్లంఘనేనని 2019 నవంబరు 9న సుప్రీంకోర్టు చెప్పింది. 2020 సెప్టెంబరు 30న లక్నో ప్రత్యేక కోర్టు ఆ కూల్చివేత కేసులో బతికున్న 32 మంది నిందితులనూ వదిలేసింది. కూలింది నిజం, కూల్చడం తప్పూ నిజం, కూల్చినవాడే లేడు! ఒక నేరానికి వంద మంది దొరికారు. దానికి ముందు జరిగిన నేరానికి దోషే లేడు. మేము అడుగుతున్నది క్షమ కాదు, తక్కెడ సరిగ్గా పట్టుకోమని.

ఈ సినిమాలో మాకు లోపాలు కనపడలేదా? కనపడ్డాయి. చాలావరకు ఇది పోలీసులు చెప్పిన కథ. టాడా అంటే ఏమిటో తెలిస్తే ఆ మాట అర్థమవుతుంది. మామూలు చట్టంలో పోలీసు ముందు ఒప్పుకున్నది సాక్ష్యం కాదు. స్టేషన్లో ఎట్ల ఒప్పిస్తారో చట్టం రాసిన తెల్లదొరకు కూడా తెలుసు. 1987 నాటి టాడా ఆ కట్టడిని తీసేసింది. ఎస్పీ హోదా అధికారి ముందు ఒప్పుకుంటే అది సాక్ష్యమే. 1995లో టాడా గడువు ముగిసింది, పాత కేసులు మాత్రం దాని కిందే నడిచాయి. ఈ సినిమాను విచారణ ముగిసేదాకా ఆపమని కోర్టుకు పోయింది ముద్దాయిలే. బొంబాయి హైకోర్టు ఆపింది. 2004లో తయారైన సినిమా 2007 ఫిబ్రవరిలో గానీ విడుదల కాలేదు. తీర్పు రాకముందే తెరమీద దోషులైపోతామని వాళ్లు భయపడ్డారు. ఆ భయం ఎంత నిజమో మా టీ అంగడి కాడ మాకు తెలిసింది. ఏ కేసూ లేని మేము కూడా ఆ తెరమీద దోషులమైనాం.

అయినా ఎందుకు చూడమన్నాం? బాద్షా ఖాన్ కోసం. బాంబుల పనిలో పాలుపంచుకున్న ఆ కుర్రవాడు తర్వాత ఊరు ఊరు తిరుగుతాడు. చేతిలో డబ్బుండదు, ఉండటానికి చోటుండదు. పనికి పంపినవాళ్లకు ఫోను చేస్తే రేపు, మాపు అంటారు. పంపిన టైగర్ మెమన్ దుబాయ్‌లో. ఇవాళ్టికీ దొరకలేదు. కుర్రవాడు చివరికి పోలీసు అధికారి రాకేష్ మారియా ముందు కూచుంటాడు. మతం పేరు చెప్పి మిమ్మల్ని వెర్రివాళ్లను చేశారని ఆయన అంటాడు. కే.కే. మీనన్ ఆ మాట అనేటప్పుడు మాకు మన సీమ గుర్తొచ్చింది. ఫ్యాక్షన్ దొర అసెంబ్లీకి పోతాడు, బాంబు మోసిన కూలోడు కడప జైలుకు పోతాడు. దొర బిడ్డ అమెరికాలో చదువుతాడు, కూలోని బిడ్డ బడి మానేసి మేకలు కాస్తాడు. రెండు కథలూ ఒకటే కదా దోస్తులారా! అది మీకూ కనపడుతుందనే ఆ సినిమా చెప్పాం. మీకు మీ కథ కనపడాల్సిన చోట మా మతం కనపడింది.

మా వాళ్లతోనూ మాకు పేచీ ఉంది. "అట్లాంటి సినిమాల పేరు కాఫిర్లకు ఎందుకు చెప్తార్రా, మన పరువు మనమే తీసుకోవడం" అని మమ్మల్ని తిట్టిన పెద్దలున్నారు. పరువు పోయేది సినిమాతో కాదు చాచా. మన పిల్లల ఆకలినీ కోపాన్నీ వాడుకుని దుబాయ్ చేరినవాడిని ఒక్కమాట అనలేకపోతే పరువు పోతుంది. మసీదు కూలిన నొప్పి నిజం. ఆ నొప్పిని బాంబుగా అమ్ముకున్నవాడు ఆ నొప్పికి కూడా ద్రోహం చేశాడు. ఆ వ్యాపారానికి బొంబాయిలో 257 మంది బలైపోయారు. ఊరూరా మన బతుకు మీద అనుమానం పడింది. ఈ మాట మనమే అనాలి. భయపడి కాదు, మన కోసం.

లౌకికవాద మిత్రులతో ఇంకో పేచీ. మీరు మాకు ఎప్పుడూ మంచి ముస్లింను చూపిస్తారు. 2002లో 'ఖడ్గం' వచ్చింది. అందులో ప్రకాష్ రాజ్ వేసిన అంజాద్ ఆటో నడుపుతాడు, దేశం కోసం కన్నీళ్లు పెడతాడు, అతని తమ్ముడు ఉగ్రవాది. ఒకే ఇంట్లో ఒక మంచి ముస్లిం, ఒక చెడ్డ ముస్లిం. మధ్యలో మామూలు ముస్లింకు చోటే లేదు. అప్పు తీర్చలేనివాడు, పెండ్లాంతో కొట్లాడేవాడు, రేషన్ కార్డు కోసం మండలాఫీసు చుట్టూ తిరిగేవాడు ఏడి? 1992 'రోజా'లో జెండా మంట పక్కనే నమాజు చూపించారు. మేమూ థియేటర్లో చప్పట్లు కొట్టాం. కొట్టకపోతే పక్క సీటువాడు చూస్తాడేమోనని కొట్టాం. సినిమా చూస్తూ పక్కవాడి చూపుకు జడిసే బతుకు మీకు తెలుసా? మాకు మంచి ముస్లిం అనే బిరుదు వద్దు. మామూలు మనిషి అనే హోదా చాలు.

అందుకే మా సిఫారసు ఒక్క సినిమాతో ఆగదు. 'బ్లాక్ ఫ్రైడే' చూసినవాళ్లు హన్సల్ మెహతా తీసిన 'షాహిద్' కూడా చూడాలి. 2013లో మన దేశంలో విడుదలైంది. దర్శకుడికీ, నటుడు రాజ్‌కుమార్ రావుకూ జాతీయ అవార్డులు వచ్చాయి. షాహిద్ ఆజ్మీ బొంబాయి కుర్రవాడు. పిల్లతనంలోనే 1992 అల్లర్లు చూశాడు. టాడా కింద తీహార్ జైల్లో ఏళ్లు గడిపాడు. బాంబు పట్టుకోలేదు, లా పుస్తకం పట్టుకున్నాడు. ఉగ్రవాద కేసుల్లో ఇరికించిన పేదల తరఫున వాదించాడు. 2010 ఫిబ్రవరి 11న కుర్లాలోని తన ఆఫీసులోనే కాల్చి చంపారు. 32 ఏళ్ల వయసు. ముంబై దాడుల కేసులో అతను వాదించిన ఫహీమ్ అన్సారీ నిర్దోషి అని మూడు నెలల తర్వాత కోర్టు చెప్పింది. వినడానికి షాహిద్ లేడు. 'మీవాళ్లు' అని అడుగుతారు కదా, ఇతని పేరు ఎందుకు అడగరు? టైగర్ మెమన్ మావాడైతే షాహిద్ ఆజ్మీ ఎవడు?

బొంబాయి దాకా ఎందుకు, హైదరాబాదు చూడండి. 2007 మే 18, శుక్రవారం, మక్కా మసీదులో నమాజు వేళ బాంబు పేలింది. 9 మంది చనిపోయారు. ఆ వెంటనే పోలీసు కాల్పుల్లో ఇంకో 5 మంది. చచ్చింది ముస్లింలు, పట్టుకుపోయిందీ ముస్లిం కుర్రవాళ్లనే. చిత్రహింసలు పెట్టారు. తర్వాత కోర్టులు వాళ్లను నిర్దోషులన్నాయి. ప్రభుత్వం పరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం కూడా చెల్లదంది. ఆ పేలుడు కేసులో ఆ తర్వాత పట్టుకున్న హిందూత్వవాదులను 2018 ఏప్రిల్ 16న ఎన్ఐఏ కోర్టు వదిలేసింది. సాక్ష్యం లేకపోతే వదలాల్సిందే, మేము కాదనం. కానీ వజూ చేసుకుని నమాజుకు నిలబడినవాళ్లను చంపిందెవరు? ఈ ప్రశ్న టీ అంగడి కాడ మేము ఎవరినైనా అడిగామా? "మీవాళ్లు ఎందుకు చేసినారు" అని ఏ హిందూ దోస్తునైనా నిలదీశామా? అడగం. ఎందుకంటే మా దోస్తుకూ ఆ కేసులో ముద్దాయికీ సంబంధం లేదని మాకు తెలుసు. మాకు తెలిసిన ఈ చిన్న సంగతి మీకెందుకు తెలియదు?

2006 జూలై 11న బొంబాయి లోకల్ రైళ్లలో బాంబులు పేలాయి. ఆ కేసులో 12 మందికి 2015లో శిక్షలు వేశారు, అందులో ఉరిశిక్షలూ ఉన్నాయి. 2025 జూలై 21న బొంబాయి హైకోర్టు ఆ 12 మందినీ నిర్దోషులని వదిలింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది. ఆ తీర్పును వేరే కేసుల్లో ఉదాహరణగా వాడొద్దని సుప్రీంకోర్టు ఆపింది. మనుషులను మాత్రం మళ్లీ జైలుకు పంపలేదు. 19 ఏళ్లు! ఇరవై ఏళ్ల కుర్రవాడు లోపలికి పోతే నలభైకి దగ్గరపడి బయటికి వస్తాడు. రైల్లో చచ్చినవాళ్ల ఇండ్లకూ న్యాయం లేదు, జైల్లో మగ్గినవాళ్ల ఇండ్లకూ న్యాయం లేదు. ఆ రైళ్లలో కూలికి పోయినవాళ్లు ఎక్కుతారు. మన కోసిగి నుంచి పోయినవాళ్లూ ఎక్కుతారు.

మన ఊళ్లల్లో పీర్ల పండగకు గుండం తవ్వేది ఎవరు? పీర్లను ఎత్తుకుని ఆడేది ఎవరు? మాకంటే ముందు మీరే. ఉగాదికి దేవుని కడప వెంకన్న గుడి మెట్లెక్కేది ఎవరు? కడప ముస్లింలు. ఇది మన సీమ. ఈ మాట చెప్పి మిమ్మల్ని మెప్పించాలని కాదు. పండగ నాడు కలిసే మనం, సినిమా చూసినాక ఎందుకు విడిపోతున్నామో ఆలోచించమని. గుండం చుట్టూ ఆడేటప్పుడు మాలో ముద్దాయి కనపడడు. మర్నాడు టీవీ పెట్టగానే ఎట్ల కనపడతాడు?

కాబట్టి దోస్తులారా, మా సిఫారసు వెనక్కి తీసుకోవడం లేదు. 'బ్లాక్ ఫ్రైడే' చూడండి. 'షాహిద్' చూడండి. 'రక్త చరిత్ర' కూడా మళ్లీ చూడండి. మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎవరు పంపారు, ఎవరు పోయారు, ఎవరు మిగిలారు, ఎవరు జైల్లో పడ్డారు అని లెక్క రాయండి. మతం గడి, కులం గడి ఖాళీగా వదిలి రాయండి. అప్పుడు మళ్లీ అదే టీ అంగడి కాడికి రండి. సినిమా గురించి మాట్లాడదాం. తెల్లారేదాకా మాట్లాడదాం. మెమన్‌ను తిట్టాలంటే మీకంటే గట్టిగా మేమే తిడతాం.

కానీ బోనులో నిలబడి మాత్రం మాట్లాడం. మీ పక్కన బెంచీ మీద కూచునే మాట్లాడతాం.